మేనమామ అల్లిన కుళ్లాయి

ఆ కాలంలో మా కడప, కర్నూలు జిల్లాల్లో ఉన్ని అనేది గొర్రె ఒంటి మీద ఉండేది, లేకపోతే గొర్రెలు కాసేవాడి భుజాన గొంగళిగా ఉండేది. ఈ రెండు చోట్లా తప్ప మూడో చోట దాని అవసరం ఎవరికీ పడేది కాదు. ఏడాదిలో పది నెలలు బండలు పగిలే ఎండ, మిగిలిన రెండు నెలలు ఆ ఎండను తలుచుకుంటూ గడపడం. అలాంటి సీమలో పుట్టి, మీసం సరిగా రాని వయసులో, కాలువల ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, రెండు సూదులు పట్టుకుని ఊలు అల్లిన మగవాడు నాకు తెలిసినంతవరకు నేనొక్కడినే. ఈ మాట గొప్పకు చెబుతున్నానని మీరు అనుకుంటే, నిజమే, గొప్పకే చెబుతున్నాను.

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నాకు డైరీ రాసే అలవాటు ఉంది. వాన పడితే ఎంతసేపు పడిందో రాస్తాను. పడకపోతే 'వాన లేదు' అని రాస్తాను (మా వైపు ఈ రెండో మాటే ఎక్కువసార్లు రాయవలసి వచ్చింది). రిటైరైన తర్వాత వేరే పనేమీ లేక, అట్టలు వేసి దాచుకున్న ఆ డైరీలను మొదటి నుంచి చదువుకుంటూ వస్తున్నాను. రెండో ఏటి డైరీలో దాదాపు యాభై రోజుల పాటు ఆఫీసు సంగతులు మాయమై, వాటి స్థానంలో ఇలాంటి వాక్యాలు కనపడ్డాయి: 'పన్నెండో వరుస పూర్తి. ఒక కుట్టు ఎక్కువ వచ్చింది. కారణం తెలియదు.' మర్నాడు: 'పదమూడో వరుస. రెండు కుట్లు తక్కువ. నిన్నటి దానితో సంబంధం ఉండవచ్చు.' చదివి ఒక్కడినే చాలాసేపు నవ్వుకున్నాను. ఆ నవ్వు మీతో పంచుకుందామనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అప్పుడు నాది కోయిలకుంట్లలో ట్రేసర్ ఉద్యోగం. ఇంజనీర్లు గీసిన కాలువల పటాల మీద పలచని గుడ్డ పరిచి, కింద కనిపించే గీతలను సిరాతో దించడం నా పని. గీత వెంట్రుకంత పక్కకు పోకూడదు. ఆ పనిలో నాకు ఎంత గర్వమంటే, లోకంలో చేత్తో చేసే పని ఏదైనా నాకు వారం రోజుల్లో వచ్చేస్తుందని గట్టిగా నమ్మేవాడిని. ఆ రోజుల్లోనే ప్రొద్దుటూరులో మా ఇంట్లో అక్కకు మొదటి కాన్పు, మగపిల్లవాడు. మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. మూడో నెలలో అత్తింటివాళ్లు వచ్చి తల్లినీ బిడ్డనూ తీసుకుపోయేటప్పుడు, బిడ్డ తల మీద మేనమామ తెచ్చిన కుళ్లాయి ఉండాలి. అది పెట్టిన తర్వాతే గడప దాటిస్తారు. సాధారణంగా మేనమామలు బజారుకు పోయి, చెమ్కీలు కుట్టిన వెల్వెట్ టోపీ ఒకటి కొనుక్కొస్తారు. నేనూ అంతటితో ఊరుకుని ఉండవచ్చు.

ఊరుకోకపోవడానికి కారణం అక్క అత్తగారు. అక్క పెళ్లిలో అందరూ విస్తళ్లు వేస్తూ, నీళ్లు మోస్తూ పరుగులు పెడుతుంటే, నేను పందిట్లో ఒక మూల కూర్చుని ఏ సామాను ఎక్కడుందో కాగితం మీద పట్టిక రాస్తున్నాను (ఆ పట్టిక లేకపోయి ఉంటే గంగాళం మూత దొరికేదే కాదు, ఆ సంగతి ఎవరూ గుర్తు పెట్టుకోలేదు). ఆమె వచ్చి నా ముందు నిలబడి, "ఈ పిల్లోడు కాగితం మింద గీతలు గీసేకి తప్ప ఇంక దేనికీ పనికి రాడేమో" అంది. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, మాట లోపల ఉండిపోయింది.

అందుకని బిడ్డ పుట్టాడని తెలియగానే బావకు శుభాకాంక్షలు చెబుతూ ఒక కార్డు రాశాను. బావది శ్రీశైలం డ్యాము దగ్గర ఉద్యోగం, అక్కడి కాలనీలోనే కాపురం. అత్తగారు వాళ్ల దగ్గరే ఉంటుంది. నల్లమల కొండల్లో చలి ఎక్కువ కాబట్టి, నా మేనల్లుడికి బజారు కుళ్లాయి తేననీ, ఊలుతో నా స్వహస్తాలతో అల్లి తెస్తాననీ ఆ కార్డులో ప్రకటించాను. 'స్వహస్తాలతో' అన్న మాట కింద గీత కూడా గీశాను. కవరులో పెట్టి రాసి ఉంటే బావ ఒక్కడే చదివి మరిచిపోయేవాడు. కార్డు కదా, పోస్ట్‌మాన్ చదివాడు, పక్కింటివాళ్లు చదివారు, చదువు రాని అత్తగారు కాలనీలో దొరికిన ప్రతివాళ్ల చేతా చదివించుకుంది. పదిరోజుల తర్వాత అక్క దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం డైరీలో ఇప్పటికీ ఉంది.

"ఒరేయ్ అబ్బీ, నీ కార్డు మా అత్త ఊరంతా చదివిచ్చిందంట. 'చూస్తాం గదా, అల్లేదీ తెలుస్తాది, అల్లకపోయేదీ తెలుస్తాది' అనిందంట. నువ్వు ఉత్త చేతులతో వొచ్చినా, బజారుది తెచ్చినా, నేను ఆ ఇంట్లో బతికినన్నాళ్లూ ఆయమ్మ ఎత్తిపొడుస్తానే ఉంటాది. నీకెందుకు వొచ్చిందిరా ఆ బుద్ధి? సరే, అన్నావు గాబట్టి అల్లు. ఎట్లన్నా జేసి అల్లు. పిల్లోని తల కొలత పంపిస్తాండా." ఉత్తరం మడతలో ఒక తెల్ల దారం ఉంది. దాని రెండు కొసలా రెండు ముళ్లు. ఆ ముళ్ల మధ్య నా మేనల్లుడి తల ఉందన్నమాట.

నేనుండే ఇంట్లోనే ముందు వాటాలో ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే టీచరమ్మ ఉండేది. యాభై దాటిన మనిషి. కళ్లజోడు మీంచి చూసిందంటే వీధి కుక్క కూడా సర్దుకుని కూర్చునేది. ఆమె సాయంత్రాలు అరుగు మీద కూర్చుని అల్లుతుండగా రోజూ చూసేవాడిని. రెండు పుల్లలు, ఒక దారం, ఇందులో బ్రహ్మవిద్య ఏముందని నా ధీమా. పోయి సంగతి చెప్పాను. ఆమె లోపలికి పోయి ఒక గుడ్డసంచి తెచ్చింది. ఎవరికో స్వెట్టరు అల్లగా మిగిలిన ఊలు, మూడు రంగులు: మెరూను, బూడిద రంగు, చిలకపచ్చ. ఒక్కొక్కటీ నిమ్మకాయకు ఎక్కువ, దబ్బకాయకు తక్కువ.

"ఉండేది ఇంతే. మళ్లా కావాలంటే ఈ రంగులు కర్నూల్లో గూడ దొరకవు. పిల్లోని కుళ్లాయికి చాలు. మొదలుపెట్టి నడిమధ్యలో ఇడిసిపెట్టేదైతే ఇప్పుడే చెప్పు, సంచి లోపల పెట్టేస్తా" అంది.

"లేదు టీచరమ్మా, నేను పట్టిన పని ఇడవను" అన్నాను.

మొదటి వారం నా చేతులు నా మాట వినలేదు. ట్రేసింగ్ పెన్ను పట్టుకున్నట్టు సూదిని బిగించి పట్టుకునేవాడిని. కుట్లు ఎంత బిగుసుకునేవంటే, రెండో సూది అందులోకి దూరేది కాదు. "అది కలం గాదప్పా, గొంతు పట్టుకున్నట్ల పట్టుకుంటాండావు, దానికి గూడ ఊపిరాడల్ల" అని టీచరమ్మ నా వేళ్ల మీద స్కేలుతో కొట్టేది (బడిపిల్లలను కూడా అంత గట్టిగా కొట్టేది కాదని తర్వాత విచారణలో తేలింది). రెండో వారానికి చేయి తిరిగింది. బెత్తెడు నమూనా అల్లి, అంగుళానికి ఎన్ని కుట్లు వస్తున్నాయో లెక్కపెట్టి డైరీలో రాసుకున్నాను. ఇక దారం కొలత చూసి లెక్క వేయడమే మిగిలింది. "ఉన్ని సాగుతాది. దారం కొలతకన్న రెండంగుళాలు తక్కువ ఎయ్యి" అని టీచరమ్మ చెప్పింది. నేను తల ఊపాను. ఊపి, గదిలోకి పోయి తలుపు వేసుకుని, కుళ్లాయికి పటం గీశాను.

అక్కడే నా చదువు నన్ను ముంచింది. కాలువ కట్టేటప్పుడు నీళ్లు ఎంత ఎత్తున పారుతాయో అంత ఎత్తుకే గట్టు వేసి ఊరుకోరు. దాని మీద ఇంకొంత అదనంగా లేపుతారు. వరద వస్తే పొంగిపోకుండా ఉండడానికి. దాన్ని ఫ్రీబోర్డు అంటారు. ఫ్రీబోర్డు లేని గట్టును గీయడం నా చేతికి అలవాటే లేదు. బిడ్డ తలేమైనా అలాగే ఉండిపోతుందా, రోజురోజుకూ పెరగదా, మరి ఆ వరదకు లెక్క ఏది అని ఆలోచించి, ఆమె తగ్గించమన్న చోట నేను చుట్టుకొలతకు మూడంగుళాలు, ఎత్తుకు రెండంగుళాలు ఫ్రీబోర్డు కలిపాను. డైరీలో 'ఆమోదించబడింది' అని రాసుకున్నాను కూడా. ఎవరు ఆమోదించారో ఇప్పుడు ఆలోచిస్తే తెలియడం లేదు.

నెలరోజులు అల్లాను. అంచు మెరూను, నడుమ బూడిద, పైన చిలకపచ్చ. కుట్లు తప్పితే విప్పి, వరుస మరిచిపోతే డైరీ చూసుకుని, రోజుకు రెండు వరుసలు, ఆదివారం నాలుగు. తీరా ఇంకో మూడు రోజుల్లో ప్రొద్దుటూరు బస్సు ఎక్కాలనగా, సోమవారం మధ్యాహ్నం ఆఫీసులో భోజనం చేసి కూర్చుని అల్లుతుంటే చిలకపచ్చ ఉండ టకామని అయిపోయింది. మూడు రంగుల్లో ఒక్క మూర ఊలు కూడా మిగల్లేదు. పైన కుట్లు తగ్గించుకుంటూ వచ్చి మూత వేయవలసిన భాగం అసలు మొదలే కాలేదు.

పక్కనే మా గొలుసన్న కూర్చుని ఉన్నాడు. పొలాల్లో కొలత గొలుసు లాగే మనిషి, నాకన్న ఇరవై ఏళ్లు పెద్ద, ఆఫీసులో నా అల్లిక సంగతి తెలిసినవాడు అతనొక్కడే. నా ముఖం చూసి, నా చేతిలోది తీసుకుని, రెండు అంచులూ కలిపి పిన్నీసు పెట్టి, నా తల మీద తొడిగాడు. అది నాకు సరిగ్గా సరిపోయింది. చెవుల దాకా వచ్చింది. పైన మాత్రం నా జుట్టు బయటికి లేచి నిలబడింది.

"కుళ్లాయి అంటివి గదా సారూ?" అన్నాడు గొలుసన్న, నా చుట్టూ ఒకసారి తిరిగి చూసి.

"కుళ్లాయే."

"కాదు సారూ. ఇది తూము. రెండు పక్కలా తెరిచి ఉండాది చూడు. నీళ్లు బాగా పోతాయి." దాన్ని నా తల మీంచి తీసి, తన మోచేతి దాకా దూర్చుకుని అటూ ఇటూ తిప్పాడు. "పిల్లోనికి పెడితే కాళ్లు గూడ కనపడవు. ఎవురు గీసినారు దీని ప్లాను?"

నాకు అక్క ఉత్తరమే కళ్ల ముందు తిరుగుతోంది. 'నేను ఆ ఇంట్లో బతికినన్నాళ్లూ' అని రాసింది. నేను సరదాకు అనేసిన మాట, పడవలసింది ఆమె. అప్పటికి నాలో మిగిలిన గర్వమంతా కలిపితే కూడా ఒక మూత వేయడానికి చాలదు.

"విప్పుదాం" అన్నాను.

"మొత్తమా?"

"మొత్తం."

నెలరోజుల పని విప్పడానికి పావుగంట కూడా పట్టలేదు. నేను కొస పట్టుకుని లాగుతుంటే గొలుసన్న కొలత గొలుసు మడిచినట్టే ఊలును చేతుల మధ్య మడిచి, ఎక్కడా చిక్కు పడకుండా ఉండలు చుట్టాడు. "బాధపడొద్దు సారూ. గట్టు తెగినా మళ్లా అదే మన్నుతోనే గదా కట్టేది" అన్నాడు. ఆ సాయంత్రం టీచరమ్మ దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఎంత కొలతకు వెయ్యమంటి?" అని మాత్రం అడిగింది. చెప్పాను. "అయితే అంతే ఎయ్యి" అంది. ఈసారి అంతే వేశాను. చేయి తిరిగి ఉండడం వల్ల మూడు సాయంత్రాల్లో రెండు రంగులు పూర్తయ్యాయి. చిలకపచ్చ, మూత మిగిలాయి. గురువారం ఉదయం బస్సు. కిటికీ సీటులో కూర్చుని, సంచిలోంచి సూదులు తీశాను.

కోయిలకుంట్ల నుంచి జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరుకు ఆ రోజుల్లో ఉన్న రోడ్డును రోడ్డు అనడం మర్యాద కోసమే. బస్సు ఎగిరినప్పుడల్లా నా సూదులు ఎగిరేవి. మొదట చూసింది కండక్టరు. "సారూ, ఎవురి కంట్లోనో పొడిచేవు" అని హెచ్చరించి ముందుకు పోయాడు. తర్వాత నా పక్కన ఒళ్లో శనక్కాయల సంచి పెట్టుకుని కూర్చున్న ఒక అవ్వ, కాసేపు నా చేతులు, కాసేపు నా నూనూగు మీసాలు చూసి ఇక ఆగలేకపోయింది.

"ఏందప్పా, మొగోనివి, ఆడోళ్ల పని జేస్తాండావు?"

"మా అక్క కొడుక్కి కుళ్లాయి అవ్వా. ఈ పొద్దే పెట్టల్ల."

"మేనమామవా?" అవ్వ గొంతు మారిపోయింది. వెంటనే వెనక్కి తిరిగి, "ఓ యమ్మా, మోచెయ్యి జరుపు, పిల్లోడు మేనల్లునికి కుళ్లాయి అల్లుతాండాడు, పొద్దుమునిగే లోపల పెట్టల్లంట" అని బస్సు మొత్తానికి ప్రకటించింది. నేను పొద్దుమునగడం సంగతి ఎత్తలేదు, అది ఆమె కలిపిన ఫ్రీబోర్డు. అక్కడి నుంచి నా పని బస్సు పని అయింది. ఒక గుంత దగ్గర చిలకపచ్చ ఉండ నా ఒళ్లోంచి దూకి, సీట్ల కింద నుంచి డ్రైవరు దాకా దొర్లిపోయింది. "కాళ్లెత్తండి, కాళ్లెత్తండి" అని ఎవరో అరిచారు. ఇరవై మంది కాళ్లు పైకి లేచాయి. ఉండ చేతులు మారుతూ వెనక్కి వచ్చింది. జమ్మలమడుగులో దిగవలసిన అవ్వ మెట్టు మీద నిలబడి, "మూత పడేది చూసి దిగుదామనుకుంటినే" అని కండక్టరు విజిల్ వేసేదాకా దిగలేదు. అక్కడ ఎక్కినవాళ్లకు ముందు నుంచి ఉన్నవాళ్లు కథ మొదటి నుంచి చెప్పారు. ప్రొద్దుటూరు పొలిమేరలో చివరి కుట్లలోంచి దారం దూర్చి బిగించాను. మూత పడింది. అంచులు కలిపి కుట్టేసరికి బస్టాండు వచ్చింది. బెత్తెడు చిలకపచ్చ ఊలు మిగిలింది.

ఇంట్లో నడుమ చాప మీద అక్క అత్తగారు కూర్చుని ఉంది. బావ గోడకు ఆనుకుని ఉన్నాడు. ఒళ్లో బిడ్డతో అక్క, బిడ్డ వైపు కాకుండా వాకిలి వైపే చూస్తోంది. నా చేతిలో కుళ్లాయి చూడగానే ఆమె ముఖం వెలిగింది. అత్తగారు చేయి చాచింది. తీసుకుని, లోపలా బయటా తిప్పి చూసి, "బాగుండాది. యాడ కొన్యావప్పా?" అంది.

"కొనలేదత్తా. నేనే అల్లినా."

"నువ్వా?" నవ్వింది. "ఎవురో ఆడమనిషితో అల్లిచ్చుకొచ్చినావు. మొగోని చేతికి ఇంత పని యాడొస్తాది?"

అల్లి చూపిద్దామంటే బెత్తెడు ఊలే ఉంది. సంచిలోంచి డైరీ తీసి తెరిచాను. ఏ రోజు ఏ వరుసో అన్నీ తేదీలతో ఉన్నాయి. ఆమె దాని వైపు చూసి, "గీతలు గీసేకి నీ తర్వాతనే" అంది. బావ పైకప్పు దూలాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అక్క తల దించుకుంది. ఆ క్షణంలో నేను అల్లినా ఒకటే, అల్లకపోయినా ఒకటే అనిపించింది.

అత్తగారు ఎంత సాగుతుందో చూద్దామని కుళ్లాయిని రెండు చేతులతో లాగింది. ఆమె చిటికెన వేలు చిలకపచ్చలోంచి బయటికి వచ్చింది. అక్కడొక బొక్క ఉంది. ఏ గుంతలోనో బస్సు ఎగిరినప్పుడు సూది మీంచి ఒక కుట్టు జారిపోయింది, నేను చూసుకోలేదు. నా గుండె కూడా అందులోంచే జారిపోయింది.

అక్క తల ఎత్తి ఆ వేలు వైపు చూసింది. చూసి, నేను ఎన్నడూ వినని గొంతుతో అంది: "చూడత్తా! అల్లేది వొచ్చినోళ్లు అల్లింటే ఆ బొక్క ఉంటాదా? ఎవురితోనో అల్లిచ్చింటే మంచిదే అల్లిచ్చుకోడా? అది నా తమ్ముడు అల్లిందే."

అత్తగారు తన వేలు చూసుకుంది. నన్ను చూసింది. మళ్లీ వేలు చూసుకుంది. ఆమె భుజాలు ముందు నవ్వాయి, తర్వాత ఆమె నవ్వింది. "అవునే తల్లీ. ఇది రానోడు అల్లిందే" అంది. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అంత స్పష్టమైన ధ్రువపత్రం నాకు ఏ అధికారీ ఇవ్వలేదు. ఆమే బిడ్డ తల మీద కుళ్లాయి పెట్టింది. దారం వచ్చిన తర్వాత తల కొంచెం పెరిగే ఉంటుంది, ఊలు ఆ కొంచెమూ సాగి సరిపోయింది. బిడ్డ ఒకసారి కళ్లు పైకెత్తి చూసి, అభ్యంతరమేమీ లేదన్నట్టు నిద్రపోయాడు.

సాయంత్రం వాళ్లను బస్సు ఎక్కించడానికి పోయాను. మనవణ్ణి ఎత్తుకుని అత్తగారు పక్కసీటు ఆమెతో మాట్లాడుతోంది. "మా పిల్లోని మేనమామ అల్లినాడమ్మా, మొగపిల్లోడు. నమ్మవా? చూడు, ఈడ బొక్క గూడ ఉండాది" అని వేలు పెట్టి చూపించడం కిటికీలోంచి నా చెవులారా విన్నాను. అక్క నా వైపు చూసి, కళ్లతోనే నవ్వింది. బస్సు కదిలింది.

ఆ తర్వాత నేను మళ్లీ సూదులు పట్టలేదు. పటాలు మాత్రం వందల కొద్దీ గీశాను, ఒక్కదానిలోనూ గీత పక్కకు పోలేదు, వాటిని చూపించి ఎవరూ ఎవరికీ నా గురించి చెప్పిన దాఖలా లేదు. ఇప్పుడు డైరీలో ఆ గురువారం పేజీ చదువుతుంటే, ఆ బస్సులో సరిగ్గా అప్పటి నా వెనక సీటు ఇప్పటి నాకు దొరికితే బాగుండుననిపిస్తుంది. మోకాళ్ల మధ్య ఊలు ఉండ బిగించుకుని, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, లోకంలో తనకు రాని పని లేదనుకుంటూ అల్లుతున్న ఆ బక్క కుర్రవాడిని చూడాలనిపిస్తుంది. బస్సు గుంతలో పడి ఎగరడం, కుట్టు ఒకటి జారడం నాకు కనపడుతుంది. తప్పు కనపడితే భుజం తట్టి చెప్పకుండా ఉండలేని స్వభావం నాది, ఇంట్లోవాళ్లందరూ అందుకే విసుక్కుంటారు. అయినా ఆ ఒక్కసారికి నేనేమీ చెప్పను. చేతులు కట్టుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుంటాను.